దిగనివ్వని దొరసాని

సాబీనా నొరాలెజ్ నాతో అన్న మొదటి మాట ఇది:

"మన ముత్తాతలకి మోటారు ఎవరిచ్చారండీ?"

నేను జవాబు చెప్పలేదు. పోయినేడు పండగనాడు ఎదురుగాలి కొట్టింది. దోనెలో పదకొండుమంది ముసలాళ్ళు, రెండు డోళ్ళు, ఒక కోడిపెట్ట. తెడ్లు వేసి వేసి భుజాలు పోయాయి. ఒడ్డు ఇంకా అరమైలుంది. అరటాకుల కింద దాచిన మోటారు తాడు లాగాను. అలా మా ముత్తాతలు పదిహేను గుర్రాల బలంతో, పెట్రోలు పొగ వదులుకుంటూ వచ్చారు. స్కూలు పిల్లలు చప్పట్లు కొట్టారు. పెద్దలు కొట్టలేదు.

అది సెప్టెంబరు. స్కూల్లో మూడో తరగతి బెంచీల మీద పండగ కమిటీ కూర్చుంది. అందరి మోకాళ్ళూ గడ్డాలకి తగులుతున్నాయి. సాబీనా ఆ నెలలోనే డాంగ్రిగా నుంచి మా సాల్ట్ క్రీక్ ఊరికి నర్సుగా వచ్చింది. పండగరోజు మందులపెట్టెతో ఒడ్డున ఉండాలని పిలిచారు. వచ్చి, పోయినేటి ఫొటోలు తిరగేసి, ఆ మాట అంది. ఫొటోలో అరటాకుల మధ్యనుంచి మోటారు తల బయటికి చూస్తోంది.

"కెప్టెన్ గారికి మాటలు రావా?" అంది.

"వస్తాయి. వాడడు," అన్నాడు బ్రోసీ.

బ్రోసీ నా దోనెలో రెండో తెడ్డు. నా తరపున మాట్లాడే పని కూడా వాడిదే. నా పేరు సిరీలో లాంబే. చేపలు పడతాను, గాలి బాగాలేని రోజుల్లో కర్రపెండలం తవ్వుతాను. నాన్న పోయాక ఆయన దోనె నాకొచ్చింది, దాంతోపాటు పండగ కెప్టెన్ పనీ వచ్చింది.

నవంబరు పంతొమ్మిదిని మా ఊళ్ళో దిగిన పండగ అంటాం. ఇంగ్లీషువాళ్ళు సెయింట్ విన్సెంట్ దీవిలోంచి మా నల్లవాళ్ళని ఓడలకెత్తి పారబోస్తే, చావగా మిగిలినవాళ్ళు తిరిగి తిరిగి దోనెల్లో ఈ బెలీజ్ ఒడ్డుకొచ్చారు. ఆ రాకని మళ్ళీ చేసి చూపిస్తాం. పొద్దు పొడిచేసరికి దోనెలు రావాలి, ఒడ్డున జనం ఏడవాలి, నవ్వాలి, డోళ్ళతో చర్చికి నడవాలి, తర్వాత రెండురోజులు తినాలి. మా గరిఫునావాళ్ళ ఊళ్ళన్నిటిలోనూ ఇంతే. మా ఊళ్ళో ఒకటి ఎక్కువ. ఒడ్డున దొర ఉంటాడు.

దొరంటే మావాడే. ముఖానికి కర్రపెండలం పిండి పూస్తారు. ఎవరి తాతదో పాత కోటు, పొడుగు టోపీ. చేతిలో కాగితం. దోనె నాలుగు బారల దూరంలో ఆగాలి. దొర మూడు ప్రశ్నలు వేస్తాడు. కెప్టెన్ మూడు జవాబులు చెప్తాడు. దొర "దిగండి" అంటాడు. అప్పుడు దిగాలి.

ఆ యేడు మాకు దొర లేడు. ఇరవైరెండేళ్ళు దొరగా చేసిన గ్రెగోరియో మాస్టారు మానేస్తానన్నారు. పోయినేడు ఆయన "దిగండి" అని గట్టిగా అనబోతే కట్టుడుపళ్ళు ఎగిరి నీళ్ళలో పడ్డాయి. నేనే మునిగి తీశాను. నా మోటారుకి నవ్విన జనం అప్పుడు ఇసకలో కూలబడి నవ్వారు.

ఆ వేషానికి ఎవరూ ముందుకి రారు. వేసినవాణ్ణి ఏడాదంతా ఏడిపిస్తారు. పంపు దగ్గర బిందె పెడితే "దొరగారికి వరసేమిటి" అంటారు.

"నేను వేస్తా," అంది సాబీనా.

బెంచీలు కిర్రుమన్నాయి.

"అప్పట్లో ఆడదొరలు లేరమ్మా," అన్నారు మాస్టారు.

"మోటార్లూ లేవు మాస్టారూ."

అక్కడితో ఆ విషయం తేలిపోయింది. ఆమె నావైపు చూసింది. ఆమె నవ్వేముందు ఎడమ కనుబొమ్మ ఒక్కటే పైకి వెళ్ళి, చుట్టూ ఒకసారి చూసొస్తుంది. నవ్వు తర్వాత వస్తుంది. నేను ఆ కనుబొమ్మ దగ్గరే ఆగిపోయాను.

ఆదివారాలు ఒడ్డున రిహార్సల్. ఆమె కాగితం చూసి అడిగేది. "ఎవరు మీరు?"

"సముద్రం దాటొచ్చినవాళ్ళం."

"ఏం తెచ్చారు?"

"కర్రపెండలం కొమ్మలు, డోళ్ళు, పిల్లలు."

"ఎన్నాళ్ళుంటారు?"

"కొమ్మ వేరుపట్టి, దుంప ఊరి, మళ్ళీ కొమ్మయ్యేదాకా."

ఈ మూడూ నాకు పుట్టకముందు నుంచీ వచ్చు. వీటికి మించి నోట్లోంచి ఒక్క ముక్క ఊడిపడేది కాదు.

రెండో ఆదివారం ఆమె కాగితం మడిచింది. "మాస్టారూ, ఒక డౌటు. మన ముత్తాతలు ఈ దొరనెందుకు అడిగారు? ఇది ఆయన నేలా?"

"రాజ్యం ఆయనదమ్మా."

"అంతకుముందు అడవిలో మాయా తెగవాళ్ళు ఉన్నారుగా. వాళ్ళనడిగారా?"

మాస్టారు టోపీ సర్దుకోబోయారు. టోపీ ఇప్పుడు ఆమె నెత్తిన ఉందని గుర్తొచ్చి చెయ్యి దించారు. "అది నా కాగితంలో లేదు," అన్నారు.

"మనవాళ్ళంత మర్యాదస్తులు లేరు. అడగాల్సినవాళ్ళని వదిలేసి పక్కవాణ్ణి అడుగుతారు," అంది సాబీనా. అని చెప్పులోని ఇసక దులుపుకోవడానికి నా భుజం పట్టుకుని ఒంటికాలి మీద నిలబడింది. గుంజ అనుకుని ఉంటుంది. నేనూ గుంజలాగే ఉన్నాను.

ఆ తర్వాత నాకు రోగాలు ఎక్కువయ్యాయి. సోమవారం బొటనవేల్లో గాలం ముల్లు. బుధవారం చెవిలో నీళ్ళు. శుక్రవారానికి ఏం దొరక్క, ఒక మంచి స్నాపర్ చేప పట్టుకెళ్ళాను.

"నర్సు గిఫ్టులు తీసుకోకూడదు," అంది.

"నీకు కాదు. పిల్లికి."

"నాకు పిల్లి లేదు."

మర్నాడు పిల్లిని తీసుకెళ్ళాను.

ఆమె చాలాసేపు ఆ పిల్లిని చూసింది. పిల్లి నన్ను చూసింది. "నువ్వు నాతో ఏదైనా చెప్పాలనుకుంటున్నావా సిరీలో?" అంది సాబీనా.

"దానికి నులిపురుగుల మందు వెయ్యాలి," అన్నాను.

అక్టోబరులో ఒక సాయంత్రం నేను ఒడ్డున దోనె బోర్లించి తారు పూస్తున్నాను. వాన వచ్చింది. మా వాన ముందు చెప్పి రాదు, గోడ పడినట్టు పడుతుంది. ఆమె ఎవరికో ఇంజెక్షన్ ఇచ్చి ఆ దారినే వస్తోంది. పరిగెత్తుకొచ్చి దోనె కిందికి దూరింది. ఇద్దరం మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాం. పైన చెక్క మీద వాన డోలు కొడుతోంది. ఆమె జుట్టులోంచి నీళ్ళు నా మోచేతి మీద పడుతున్నాయి. నేను మోచెయ్యి తియ్యలేదు.

ఆమె మాట్లాడింది. డాంగ్రిగాలో వాళ్ళమ్మ వరండాలో కూర్చుని వచ్చేపోయేవాళ్ళందరికీ పేర్లు పెడుతుందంది. నర్సు చదువు మధ్యలో మానేద్దామనుకుందంది. రాత్రి గాలికి రేకులు కొట్టుకుంటే ఇప్పటికీ భయమంది. నేను "ఊ" అన్నాను. చాలా రకాల ఊలు అన్నాను.

"నీతో మాట్లాడుతుంటే ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకుంటున్నట్టుంది. కాకపోతే నువ్వు శిక్ష వెయ్యవు," అంది. తర్వాత నావైపు తిరిగింది. "ఇప్పుడు నువ్వు చెప్పు. ఏదైనా సరే. ఒక్క మాట."

నాకు చెప్పాల్సిన మాట తెలుసు.

"వాన తగ్గింది," అన్నాను.

ఆమె బయటికి చూసింది. ఎదురుగా కొబ్బరిచెట్టు కూడా కనబడనంత వాన.

"తగ్గలేదు."

"తగ్గుతుంది."

ఆమె లేచి వానలోనే వెళ్ళిపోయింది. వెనక్కి చూడలేదు. చూసినా కనబడి ఉండేవాణ్ణి కాదు.

ఇదంతా మా అమ్మ ఫెర్మీనా ఇంట్లోంచే కనిపెట్టింది. మా అమ్మకి కనిపెట్టడానికి కిటికీ కూడా అక్కర్లేదు.

"నువ్వు నోరు తెరిచేసరికి ఆ పిల్ల రిటైరవుతుంది. నేను వెళ్ళి అడగనా?"

"ఎవరిని?"

"ఇంకెవర్ని. తోమాసాని."

తోమాసా పెద్దమ్మ సాబీనాకి తల్లి అక్క. సాబీనా ఉంటున్నది ఆవిడ ఇంట్లోనే. పెళ్ళి మాట మా వైపు అలాగే ఎత్తుతారు. అబ్బాయి తరపు ఆడవాళ్ళు శుభ్రమైన తలగుడ్డలు కట్టుకుని, చేతిలో ఏదో పట్టుకుని, అమ్మాయి తరపు పెద్దావిడ దగ్గరికి వెళ్తారు. నేను ఆలోచించాను. ఇందులో నేను మాట్లాడే భాగం లేదు.

"సరే," అన్నాను.

నా జీవితంలో నేనన్న ఒకే ఒక్క అనవసరపు మాట అదే.

అమ్మ, పిన్నీ ఒక కట్ట కర్రపెండలం రొట్టె, ఎండుచేపలు, చెట్ల వేర్లు నానేసిన రమ్ము సీసా పట్టుకుని వెళ్ళారు. తోమాసా పెద్దమ్మ చాలా మర్యాద చేసింది. సీసా సగమయ్యేసరికి ఒప్పుకుంది. మిగతా సగంతో ముహూర్తం గురించి మాట్లాడారు. మర్నాటికి ఊళ్ళో అందరికీ తెలుసు. రొట్టెలు కాల్చేవాళ్ళకి తెలుసు, ఫాదర్‌కి తెలుసు, రోజుకి రెండుసార్లు వచ్చే బస్సు డ్రైవరుకి తెలుసు.

సాబీనాకి చెప్పాలని ఎవరికీ తోచలేదు. మా అమ్మ ఆ పని తోమాసాది అనుకుంది. తోమాసా పెద్దమ్మ, ఈ రోజుల్లో పిల్లలు ముందే అన్నీ మాట్లాడేసుకుంటారు కదా అనుకుంది.

గురువారంనాడు సాబీనా గ్రెగోరియో మాస్టారి భార్యకి బీపీ చూస్తోంది. "పెళ్ళికూతురి చేతులు చల్లగా ఉన్నాయే," అందట ఆవిడ.

ఆమె తెల్ల యూనిఫాంలోనే, బీపీ గొట్టం మెడలోనే ఉండగా ఒడ్డుకొచ్చింది. నేను వల బాగుచేస్తున్నాను. బ్రోసీ ఆమె నడక చూసి, సూది పక్కన పెట్టి, "నాకు ఇంట్లో పనుంది," అని లేచిపోయాడు. వాడికి ఇల్లు ఇంకా కట్టలేదు.

"అడిగావటగా," అంది.

"ఊ."

"ఎవర్ని?"

"తోమాసా పెద్దమ్మని."

"ఒప్పుకుందా?"

"ఊ."

"మంచిది. అయితే తోమాసా పెద్దమ్మనే చేసుకో."

నేను వల కిందపెట్టాను.

"నీ ముత్తాతలూ నువ్వూ ఒకటే సిరీలో. ఎదురుగా మనిషి కూర్చుని ఒక్క మాట చెప్పమంటే వాన తగ్గిందంటావు. వెనకనుంచి వెళ్ళి పక్కింటి అరుగు మీద సంతకం పెట్టించుకుంటావు." ఆమె గొంతు పెద్దది చెయ్యలేదు. చేసుంటే బాగుండేది. "నేను డాంగ్రిగాకి బదిలీ అడిగాను. ఇస్తామన్నారు. పండగయ్యాక సోమవారం బస్సుకి వెళ్ళిపోతున్నాను. ముహూర్తం నాడు పెద్దమ్మకి గౌను కుట్టించు."

ఆమె వెళ్ళిపోయింది. పండగకి మిగిలిన పదకొండు రోజులూ నేను మాటలు పోగుచేశాను. పడవలో చేశాను, తోటలో చేశాను, పెండలం తురిమే బల్ల ముందు కూర్చుని చేశాను. దగ్గరికి వెళ్తే ఆసుపత్రి తలుపు ముందు రోగుల వరస ఉండేది, వరసంతా నా నోటివైపే చూసేది. పోగుచేసినవన్నీ తిరిగి ఇంటికి తెచ్చుకునేవాణ్ణి. మా అమ్మ వెళ్ళి రొట్టెల కట్ట వెనక్కి తెచ్చుకుంది. సీసా అడగలేదు.

పండగ వారం మొదలైంది. స్కూల్లో పాత వస్తువులు పెట్టారు. పెండలం పాలు పిండే పొడుగు జల్లెడ, తాతలనాటి డోలు, ఎవరివో ఎవరికీ తెలియని ఫొటోలు. ముసలమ్మలు కథలు చెప్పారు. ఒకరి కథని ఇంకొకరు అబద్ధమన్నారు. పుంటా డాన్సు పోటీలో డెబ్బయ్యేళ్ళ తోమాసా పెద్దమ్మ గెలిచింది. సాబీనా అన్నిటికీ వచ్చింది, అందరితో నవ్వింది. నేనున్న వైపు గాలి కూడా పీల్చలేదు.

పంతొమ్మిదో తారీకు. పొద్దు పొడిచేవేళకి మూడు దోనెలతో సముద్రంలోకి పొడుచుకొచ్చిన నేల కొస తిరిగి వచ్చాం. మోటారు ఇంట్లోనే వదిలాను. ముందు దోనె నాది. ముందు కొసన అమ్మ, ఒడినిండా పెండలం కొమ్మలు. మధ్యలో డోలు తాత, అరటాకులు, ముసలాళ్ళు, కోడిపెట్ట. వెనక నేనూ బ్రోసీ. అమ్మ పాట ఎత్తుకుంది. ఒడ్డున జనం పసుపూ తెలుపూ నలుపూ గుడ్డల్లో నిండిపోయారు. స్కూలు బ్యాండు, పట్నంనుంచి వచ్చిన ఒక ఆఫీసరు, మైకు.

అందరికంటే ముందు దొరసాని. ముఖం తెల్లగా ఉంది, కోటు మోకాళ్ళ కిందికుంది. టోపీ కింద ఆ కనుబొమ్మ ఒక్కటే నల్లగా ఉంది. అది కదల్లేదు.

నాలుగు బారల దూరంలో దోనె ఆపాను. డోలు ఆగింది.

"ఎవరు మీరు?"

చెప్పాను.

"ఏం తెచ్చారు?"

చెప్పాను.

"ఎన్నాళ్ళుంటారు?"

అదీ చెప్పాను. ముసలాళ్ళు దిగడానికి గౌన్ల అంచులు ఎత్తిపట్టుకున్నారు. సాబీనా కాగితం నాలుగు మడతలు పెట్టి కోటు జేబులో వేసుకుంది.

"నాలుగో ప్రశ్న," అంది.

మైకు దగ్గరున్న మాస్టారు దగ్గారు. "నాలుగోది లేదమ్మా."

"దొరని నేనా, మీరా?"

మాస్టారు మైకు వదిలేశారు.

"వచ్చి దిగే ముందు, దిగే చోట ఉన్న మనిషిని అడిగారా?" అంది.

డోలు తాత పాపం నిజంగానే జవాబిచ్చాడు. "అడుగుతున్నాం కదమ్మా నిన్ను."

"నన్ను కాదు తాతా. టోపీని అడుగుతున్నారు."

అల మీద దోనె ఊగుతోంది. కోడి ఎవరి ఒళ్ళోనో పాడుచేసింది. బ్రోసీ నా చెవి దగ్గరికి వంగాడు. "ఒరే. ఇది దోనె సంగతి కాదనుకుంటా."

మా అమ్మకి అప్పటికే అర్థమైంది. "ఒసే పిల్లా. తోమాసాని అడిగింది నేనే. తప్పయింది. నా నడుం పట్టేసింది, నన్ను దింపు తల్లీ."

ఒడ్డునుంచి తోమాసా పెద్దమ్మ లేచింది. "నన్నెందుకు లాగుతారు మధ్యలో? మర్యాదగా అడిగారు, మర్యాదగా ఒప్పుకున్నాను."

"సీసా చూసి ఒప్పుకున్నావు," అంది గుంపులోంచి ఎవరో.

"చూడకుండా ఎలా ఒప్పుకుంటారే?"

ఊరు ఊరంతా నవ్వింది. బ్యాండువాడు ట్రంపెట్లోకి నవ్వాడు, అదో చప్పుడు. పట్నం ఆఫీసరు ఇది కూడా సంప్రదాయమే అనుకుని నోటుబుక్కులో రాసుకున్నాడు. నేను తెడ్డు పట్టుకుని అలాగే ఉన్నాను. ఊరందరి కళ్ళూ నా నోటి మీదున్నాయి. నోరు, ఎప్పటిలాగే, ఊరితో మాట్లాడనంది.

సాబీనా కాసేపు చూసింది. "కెప్టెన్ తప్ప అందరూ దిగండి," అంది.

దిగారు. మూడు దోనెలవాళ్ళూ నడుంలోతు నీళ్ళలో దిగి, కొమ్మలూ డోళ్ళూ ఎత్తుకుని ఒడ్డెక్కారు. ఏడవాల్సినవాళ్ళు ఏడ్చారు, నవ్వు మధ్యలోనే. బ్రోసీ దిగుతూ నా వీపు మీద ఒకటి చరిచాడు. డోళ్ళు మళ్ళీ మొదలయ్యాయి. ఊరేగింపు చర్చివైపు కదిలింది. మా అమ్మ నాలుగడుగులకోసారి వెనక్కి చూస్తూ వెళ్ళింది. తోమాసా పెద్దమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది.

ఒడ్డున దొరసాని, నీళ్ళలో నేను. దూకితే పది అంగల్లో ఒడ్డు. ఆపేవాళ్ళెవరూ లేరు. నేను దూకలేదు.

వాన మొదలైంది. సన్నటి వాన, పొద్దుటి వాన. ఆమె ముఖం మీద పిండి కరగడం మొదలుపెట్టింది. ముందు బుగ్గ మీద ఒక చార, తర్వాత ముక్కు, తర్వాత గడ్డం. దొర కొంచెం కొంచెంగా కారిపోయి, లోపల్నుంచి సాబీనా బయటికొస్తోంది. ఆమె టోపీ తీసి ఇసకలో పెట్టింది.

"ఇప్పుడెవరూ లేరు," అంది.

"ఊ."

"ఊ అంటే ఇప్పుడే వెళ్ళిపోతా."

తెడ్డు అడ్డంపెట్టి కూర్చున్నాను. అల ఒకటి వెళ్ళింది. ఇంకొకటి వెళ్ళింది.

"నువ్వు కాదంటావని భయం," అన్నాను. "తోమాసా పెద్దమ్మ కాదనదని తెలుసు. అందుకని అక్కడ అడిగించాను."

ఆమె తడిసిన కోటు చేతులు పైకి మడుచుకుంది.

"అడగడం కాదది. జవాబు తెలిసినచోటికి వెళ్ళడం. నువ్వు మాయావాళ్ళ సంగతి అడిగిన రోజే నాకు అర్థం కావాలి. కాలేదు. నేను కొంచెం నెమ్మది."

"కొంచెమా?"

"చాలా. ఆ రోజు దోనె కింద చెప్పాల్సింది వాన గురించి కాదు." ఇంతకంటే పొడుగు నేనెప్పుడూ మాట్లాడలేదు. ఊపిరి తీసుకోవాల్సొచ్చింది. "సోమవారం బస్సు ఎక్కొద్దని అనను. అది నీ పని, నీ ఊరు. గాలి బాగుంటే డాంగ్రిగాకి తెరచాప మీద మూడు గంటలు. ఆదివారాలు వస్తా. నువ్వున్న ఒడ్డున దిగొచ్చా?"

"బస్సులో గంటే."

"బస్సు దిగడానికి ఎవరినీ అడగక్కర్లేదు."

ఆ కనుబొమ్మ పైకి వెళ్ళింది. చుట్టూ చూసింది. నవ్వు ఇంకా రాలేదు.

"ఇది ఆదివారాల సంగతి. అసలుది అడుగు."

"నన్ను పెళ్ళి చేసుకుంటావా, సాబీనా?"

"ఇప్పుడు చెప్పను."

"సరే."

"ఎప్పుడు చెప్తానో కూడా చెప్పను."

"సరే."

"కాదంటే?"

తెడ్డు పక్కన పెట్టాను. "కాదంటే కాదు," అన్నాను. "అడిగింది నిన్ను కదా. నీ ఇష్టం."

అప్పుడు వచ్చింది నవ్వు. పిండి చారల మధ్య, వానలో. ఆమె ఆ కోటుతోనే నీళ్ళలోకి నడిచింది. దోనె అంచు పట్టుకుంది. నేను దిగడానికి లేచాను.

"నిన్ను దిగమనలేదు," అంది. "జరుగు."

జరిగాను. చర్చి వెనకే క్రీక్ వాగు పారుతుంది, దోనెలోనే వెళ్ళొచ్చు. ఆమె ముందు కూర్చుని ఒక తెడ్డు తీసుకుంది. తెడ్డు వెయ్యడం రాదు, మొదటి పది బారలూ గుండ్రంగా తిరిగాం. మేము చేరేసరికి ఫాదర్ ప్రసంగం సగమైంది. తడికోటుతో, సగం తెల్లముఖంతో ఆమె ముందు, నేను వెనక. ఊరంతా బెంచీల్లో వెనక్కి తిరిగి చూసింది. తోమాసా పెద్దమ్మ నోరు తెరిచింది.

"ఎవరూ ఎవరినీ ఏమీ అడగొద్దు," అని సాబీనా కూర్చుంది.

సోమవారం బస్సు ఎక్కింది. నేనే పెట్టె ఎక్కించాను. బస్సు డ్రైవరు నన్ను జాలిగా చూశాడు.

డిసెంబరు మొదటి ఆదివారం నుంచీ వెళ్ళాను. మూడు గంటలన్నానుగానీ ఉత్తరపు గాలికి నాలుగు, ఒక్కోసారి ఐదు. ఒడ్డుకి నాలుగు బారల్లో ఆగేవాణ్ణి. ఆమె ఒడ్డున నిలబడి కాసేపు ఆలోచించేది. కొన్ని ఆదివారాలు వెంటనే చెయ్యి ఊపేది. ఫిబ్రవరిలో ఒక ఆదివారం వార్డులో ఎవరో పోయారు. ఎవరినీ చూడాలని లేదంది. సరే అని చేపల కట్ట ఒడ్డుకి విసిరి, తెరచాప తిప్పి వచ్చేశాను. ఆ మర్నాడు బ్రోసీ నన్ను పిచ్చివాడన్నాడు. మా అమ్మ అనలేదు.

వాళ్ళమ్మ వరండాలోనే ఉండేది. నేను దండం పెట్టి, వాతావరణం గురించి ఒక మాట చెప్పి లోపలికి వెళ్ళేవాణ్ణి. ఆవిడ నాకు గుంజ అని పేరు పెట్టింది. నేను ఏదో అడుగుతానని ఆవిడ నాలుగు నెలలు ఎదురుచూసింది. నేను అడగలేదు. ఆవిడకి నిద్ర పట్టడం మానేసిందని సాబీనా చెప్పింది.

ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం. వాళ్ళ పెరట్లో హుడుట్ కోసం సాబీనా ఉడికిన అరటికాయలు రోట్లో వేసి దంచుతోంది. పక్కన పొయ్యి మీద కొబ్బరిపాలలో నేను తెచ్చిన చేప ఉడుకుతోంది. నేను కొబ్బరి తురుముతున్నాను. ఎప్పటిలాగే ఆమె మాట్లాడుతోంది, నేను ఊ అంటున్నాను. వార్డులో కొత్త డాక్టరు గురించి చెప్తూ చెప్తూ, రోకలి ఆపకుండా, "సరే," అంది.

"ఏది సరే?"

"నువ్వు నవంబర్లో అడిగావుగా."

నా చేతిలో కొబ్బరిచిప్ప బూడిదలో పడింది. రోకలి దంపు ఆగలేదు. వరండాలో కుర్చీ కిర్రుమని, పెరటి తలుపు దగ్గర గౌను అంచు కనపడింది.

"అమ్మా, నువ్వు విన్లేదు," అంది సాబీనా.

"నేనసలు ఇక్కడ లేను," అంది వాళ్ళమ్మ తలుపు వెనకనుంచి. కాసేపు ఆగి, "గుంజా, మీ అమ్మని రమ్ము తీసుకుని రమ్మను. ఏమీ అడగక్కర్లేదు. తాగడానికి," అంది.

"ఊ," అన్నాను.

సాబీనా రోకలి ఆపింది. నన్ను చూసింది.

"సంతోషంగా ఉంది," అన్నాను.